మూడోసారి తిరగబెట్టిన సెగగడ్డలు: మూడేళ్ల బాబు కేసు

తిరుపతి చుట్టుపక్కల పిల్లల ఓపీల్లో ఏప్రిల్ నుంచి జూలై దాకా సెగగడ్డల కేసులు వరసగా వస్తుంటాయి. చాలావాటిలో ఒక్క గడ్డే ఉంటుంది, చీము పోయాక మానిపోతుంది, మళ్ళీ కనిపించదు. అలాంటివాటి గురించి పెద్దగా రాయాల్సింది లేదు. ఈ బాబుకి మాత్రం నాలుగు నెలల్లో ఇది మూడో విడత. రెండుసార్లు యాంటీబయాటిక్ వాడారు, రెండుసార్లూ తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. తిరగబెట్టే గడ్డలకు మూలం బిడ్డ రక్తంలో వెతుకుతాం గానీ అది ఎక్కువసార్లు ఇంట్లోనే ఉంటుంది. ఇంటిల్లిపాదికీ వైద్యం చేస్తే తప్ప ఆగదు. ఆ సంగతి ఈ కేసులో స్పష్టంగా కనబడింది కాబట్టి వివరంగా రాస్తున్నాం. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాం.

వచ్చినప్పటి పరిస్థితి

బాబు వయసు 3 ఏళ్లు, బరువు 13 కిలోలు. పాకాల వైపు మామిడి తోటల ఊరు. ఇంట్లో ఆరుగురు: అవ్వ, తాత, అమ్మ, నాన్న, ఏడేళ్ల అక్క, బాబు. మే మూడో వారంలో తల వెనక గడ్డలతో, రెండు రోజుల జ్వరంతో తీసుకొచ్చారు.

ఫిబ్రవరిలో పిర్ర మీద ఒక గడ్డ లేచింది. మందుల షాపులో అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. ఐదో రోజుకి గడ్డ పగిలి మానింది. ఏప్రిల్లో తొడ మీద ఒకటి, నడుము మీద ఒకటి. ఈసారి సెఫిక్సిమ్ వాడారు. అవీ పగిలాయి, మానాయి. మే మొదట్లో తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించారు. పది రోజులు తిరక్కుండానే గుండు మీద చెమటకాయలు, వాటి మధ్య గడ్డలు. "గుండు గీకించినప్పట్నుంచే సార్ ఈ గెడ్డలు. పైగా మామిడి పండ్లు తింటానే ఉండాడు, వేడి జేసింది" అని అవ్వ చెప్పింది. రాకముందు సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారు. అంతకుముందు నాలుగు రోజులు స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసిన ఆయింట్‌మెంట్ రాశారు.

జ్వరం 101.2 డిగ్రీల ఫారన్‌హీట్. బాబు చురుగ్గానే ఉన్నాడు, నీళ్ళు తాగుతున్నాడు. తల వెనక భాగంలో 3 సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఎర్రగా, వేడిగా, మధ్యలో మెత్తబడి, రెండు వేళ్ళతో నొక్కితే లోపల ద్రవం కదులుతోంది. దాని పక్కనే సెంటీమీటరు సైజులో మరో రెండు, ఇంకా గట్టిగానే ఉన్నాయి. పెద్ద గడ్డకు ఒక పక్కన రూపాయి బిళ్ళంత మేర చర్మం తెల్లగా పాలిపోయి పైపొర లేచిపోయింది. అది సున్నం చేసిన కాలుడు. మెడ వెనక రెండు బిళ్ళలు కట్టాయి. తల్లి ఎక్కువ భయపడింది ఈ బిళ్ళలను చూసే. తలలో చీము ఉన్నప్పుడు ఆ దారిలో ఉన్న లింఫ్ గ్రంథులు వాయడం మామూలే, గడ్డ మానితే రెండు మూడు వారాల్లో అవీ కరుగుతాయి.

బట్టలు మొత్తం విప్పించి చూశాం. ఈ కేసులో అసలు ఆధారం అక్కడే దొరికింది. మణికట్టు లోపలివైపు, బొడ్డు చుట్టూ, మర్మాంగం మీద సన్నటి దురద పొక్కులున్నాయి. రాత్రిపూట గోక్కుంటాడా అని అడిగితే అవ్వే చెప్పింది: "రేత్రంతా గోక్కుంటానే ఉంటాడు. వాళ్ళక్క అంతకన్నా ఎక్కువ." అక్కను పిలిపించాం. వేళ్ళ సందుల్లో గజ్జి గీతలు, చీము పొక్కులు, చేతుల మీద తేనెరంగు పెచ్చులు కట్టిన పుండ్లు. సంక్రాంతి నుంచీ ఉన్నాయట. బాబు మొదటి గడ్డ ఫిబ్రవరిలో లేచింది.

ముందుగా కాదని తేల్చుకోవాల్సినవి

తల మీద గడ్డ అనగానే కత్తి పట్టుకోకూడదు. పిల్లల తలలో తామర ముదిరితే కీరియాన్ అనే మెత్తటి వాపు వస్తుంది. చూడ్డానికి అచ్చం చీముగడ్డలాగే ఉంటుంది, మెడలో బిళ్ళలూ కడతాయి. దాన్ని కోస్తే లాభం లేదు, పైగా మచ్చపడి ఆ చోట జుట్టు శాశ్వతంగా పోవచ్చు. దానికి కావాల్సింది వారాల తరబడి నోటితో వేసుకునే తామర మందు. కీరియాన్‌లో వాపు జల్లెడలా చాలా చోట్ల చీము కారుతుంది, వెంట్రుక పట్టి లాగితే నొప్పి లేకుండా ఊడి వస్తుంది, వాపు వారాల మీద పెరుగుతుంది. ఈ బాబుకి గుండు ఉండడంతో వెంట్రుక పరీక్ష చేసే వీలు లేదు. అయితే వాపు ఐదు రోజుల్లోనే వచ్చింది, నొప్పి తీవ్రంగా ఉంది, ఒకే చోట మెత్తబడింది. సిరంజితో లాగితే చిక్కటి పసుపు చీము వచ్చింది. దాంతో అనుమానం తీరింది. ఎరుపూ వేడీ లేకుండా నెమ్మదిగా పెరిగే మెత్తటి గడ్డ అయితే క్షయ గురించి ఆలోచించాలి. ఇక్కడ ఆ లక్షణాలు లేవు.

గడ్డలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయంటే వ్యాధినిరోధక శక్తి లోపం ఉందేమోనని కుటుంబం అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. లోతైన అవయవాల్లో చీము, అంటే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో గడ్డలు, తరచూ న్యుమోనియా, బరువు పెరగకపోవడం, పుట్టినప్పుడు బొడ్డుతాడు నెల దాటినా ఊడకపోవడం, మేనరికం ఉన్న ఇంట్లో పసితనంలో పిల్లలు చనిపోయి ఉండడం. వీటిలో ఏదైనా ఉంటే పెద్ద పరీక్షలు చేయించాలి. బాబుకి ఇవేవీ లేవు, గడ్డలన్నీ చర్మం వరకే. అందుకే రక్తపరీక్ష, మూత్ర పరీక్ష, చీము కల్చర్‌తో (చీములో ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) సరిపెట్టాం. షుగరు ఉందేమోనని తాత పట్టుబట్టడంతో అదీ చూశాం, మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం 9.6 ఉంది, అంటే రక్తహీనత.

గడ్డ కోయడం

మెత్తబడిన గడ్డకు ప్రధాన వైద్యం చీము బయటికి తీయడమే. చీము గూటిలోకి రక్తప్రసారం ఉండదు కాబట్టి యాంటీబయాటిక్ సరిగ్గా చేరదు. ఎన్ని రోజులు సిరప్ పోసినా గూడు అలాగే ఉంటుంది. పచ్చిగా, గట్టిగా ఉన్న గడ్డను మాత్రం కోయకూడదు. చీము రాదు, రక్తం వస్తుంది, క్రిమి పక్క కణజాలంలోకి పాకుతుంది. అందువల్ల పెద్దదాన్నే కోశాం, చిన్నవాటిని వదిలేశాం.

అరగంట ముందు పారాసిటమాల్ ఇచ్చాం. కిలోకి 15 మి.గ్రా. లెక్కన, 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ 4 మి.లీ. మత్తుకు 1 శాతం లిగ్నోకైన్ వాడాం. కిలోకి 4.5 మి.గ్రా. మించకూడదు. మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది కాబట్టి ఈ బరువుకి 5 మి.లీ. దాటకుండా చూసుకోవాలి. 2 మి.లీ. సరిపోయింది. చీము ఉన్న చోటు ఆమ్లంగా ఉంటుంది, అక్కడ లిగ్నోకైన్ సరిగా పనిచేయదు. మందు గూటిలోకి పోతే తిమ్మిరి ఎక్కదు, ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది. గడ్డ చుట్టూ మామూలు చర్మంలో వలయంలా ఇచ్చి, చివర పైచర్మంలో కొద్దిగా ఇవ్వాలి. ఇచ్చాక ఐదు నిమిషాలు ఆగాలి. పిల్లలు కోతప్పుడు విలవిల్లాడటానికి ఎక్కువసార్లు కారణం ఆ ఐదు నిమిషాలు ఆగకపోవడమే.

11 నంబర్ బ్లేడుతో సెంటీమీటరు గాటు పెట్టాం. గుండుసూది మొనంత రంధ్రం చేసి పిండితే పైకి చీము పోయినట్టు ఉంటుంది గానీ రెండ్రోజుల్లో మూతపడి మళ్ళీ నిండుతుంది. సుమారు 4 మి.లీ. చీము వచ్చింది. లోపలి అరలను సన్నటి ఫోర్సెప్స్ తెరిచి విడగొట్టి, 20 మి.లీ. సెలైన్‌తో కడిగాం. తల చర్మంలో రక్తనాళాలు ఎక్కువ, గాటు పెట్టగానే ధారగా రక్తం వస్తుంది. గాజుగుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా నొక్కిపెడితే ఆగిపోతుంది. ఇంత చిన్న గూట్లో గాజుగుడ్డ కుక్కలేదు. కుక్కినందువల్ల త్వరగా మానదు, రోజూ దాన్ని లాగుతుంటే బిడ్డకు నరకం. కుట్టు వేయనే కూడదు. పైన పొడి గాజుగుడ్డ కట్టి, మర్నాటి నుంచి రోజూ సబ్బునీళ్ళతో కడిగి మార్చమన్నాం. తొమ్మిదో రోజుకి గాయం మూసుకుంది.

కల్చర్‌కు పంపే చీము పైన కారుతున్నది కాకుండా లోపలిది, సిరంజితో లాగింది అయ్యుండాలి. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి.

చిన్న గడ్డలకు కాపడం చెప్పాం. తల్లి తన మోచేతి మీద వేసుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో శుభ్రమైన గుడ్డ ముంచి, 10 నుంచి 15 నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు. ఒకటి అలాగే కరిగిపోయింది, రెండోది నాలుగో రోజున ముఖం కట్టి తనంతట తాను పగిలింది. వేళ్ళతో పిండొద్దని గట్టిగా చెప్పాలి. ముక్కు మీద, పైపెదవి మీద లేచిన గడ్డల విషయంలో అయితే ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అక్కడి సిరలకు కళ్ళ వెనక మెదడు దగ్గరి సిరలతో సంబంధం ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ అటు పాకవచ్చు.

ఏ యాంటీబయాటిక్, ఎందుకు

ఒక్క చిన్న గడ్డ ఉండి, జ్వరం లేకపోతే చీము తీస్తే చాలు, సిరప్ అక్కర్లేదు. ఈ బాబుకి జ్వరం ఉంది, గడ్డలు మూడు, వయసు చిన్నది. అందుకని ఇచ్చాం.

సెగగడ్డలకు కారణం దాదాపు ఎప్పుడూ స్టెఫైలోకాకస్ ఆరియస్. పెచ్చులు కట్టే పుండ్లలో అదైనా ఉండొచ్చు, స్ట్రెప్టోకాకస్ పయోజీన్స్ అయినా ఉండొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. ఈనాటి స్టెఫైలోకాకస్‌లో అత్యధిక శాతం పెన్సిలినేజ్ అనే ఎంజైమ్‌తో అమాక్సిసిలిన్‌ను విరిచేస్తాయి. సెఫిక్సిమ్ టైఫాయిడ్ దగ్గర వాడుతుంటాం గానీ స్టెఫైలోకాకస్ మీద దాని ప్రభావం చాలా తక్కువ. ఫిబ్రవరిలోనూ ఏప్రిల్లోనూ గడ్డలు మానింది అవి పగిలినందువల్లే. మందు పనిచేసిందని ఇంట్లోవాళ్ళు అనుకోవడం సహజం. ఈ రెండు సిరప్‌లు షాపులో అడిగి తెచ్చుకునేంత అలవాటు అయిపోయాయి, అదే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టే విషయం.

మొదటి రోజు సెఫలెక్సిన్ మొదలుపెట్టాం. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్నది 4 మి.లీ. చొప్పున రోజుకి మూడుసార్లు. రెండో రోజుకే జ్వరం పోయింది. మూడో రోజు కల్చర్ వచ్చింది: ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్. దానిమీద సెఫలెక్సిన్ పనిచేయదు. అయినా జ్వరం తగ్గిందంటే ఆ పని చేసింది గాటే. క్లిండమైసిన్ రిపోర్టులో పనిచేస్తుందనే ఉంది, కానీ ఎరిత్రోమైసిన్‌కు లొంగలేదు, డీ టెస్ట్ పాజిటివ్. అలా ఉన్నప్పుడు క్లిండమైసిన్ వాడుతుండగానే క్రిమి దానికి నిరోధకత తెచ్చుకోగలదు. కల్చర్ రిపోర్టులో మందు పేరు పక్కనున్న ఒక్క అక్షరం చూసి మందు రాయకూడదనేది ఇందుకే. కోట్రైమాక్సజోల్‌కు మార్చాం: 5 మి.లీ.లో ట్రైమెథోప్రిమ్ 40 మి.గ్రా. ఉండే సిరప్, 7.5 మి.లీ. చొప్పున రోజుకి రెండుసార్లు, 7 రోజులు. ఇది సల్ఫా మందు. ఇంట్లో ఎవరికైనా మందులతో కామెర్లు, రక్తం విరిగిపోవడం జరిగిందా అని ముందే అడగాలి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే వెంటనే ఆపి రమ్మని చెప్పాలి. రెండు నెలల్లోపు పసిబిడ్డలకు వాడకూడదు.

అక్క బరువు 20 కిలోలు. ఆమెవి పెచ్చుల పుండ్లు, స్ట్రెప్టోకాకస్‌ను వదిలేయడానికి వీల్లేదు. కాబట్టి సెఫలెక్సిన్ 250 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, 7 రోజులు. గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి పెచ్చులు తీశాకే పైపూత రాయాలి. పెచ్చు మీద రాస్తే కిందికి దిగదు. మూడు నాలుగు పుండ్లే ఉంటే పైపూత ముపిరోసిన్ 2 శాతంతోనే సరిపోయేది.

అక్క మూత్రం కూడా పరీక్షించాం. స్ట్రెప్టోకాకస్ చర్మపు పుండ్లు మానిన తరవాత, 3 నుంచి 6 వారాలకు, కొందరు పిల్లల్లో కిడ్నీ వాపు వస్తుంది. పొద్దున లేవగానే ముఖం, కళ్ళ కింద ఉబ్బడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, తగ్గిపోవడం, తలనొప్పి దీని గుర్తులు. రక్తపోటు పెరిగి ఫిట్స్ కూడా రావచ్చు. గజ్జికీ కిడ్నీకీ ముడి ఉందని వింటే తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. గజ్జిని దురదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఇంతకన్నా పెద్ద కారణం మాకు కనబడదు. స్ట్రెప్టోకాకస్ సోకిందా అని చూసే ఏఎస్‌ఓ రక్తపరీక్ష చర్మపు ఇన్‌ఫెక్షన్ తరవాత మామూలుగానే ఉండొచ్చు, దాన్ని చూసి ధీమాపడకూడదు. అక్క మూత్రం బాగానే ఉంది. ఆరు వారాలు కనిపెట్టి ఉండమన్నాం.

ఇంటికి వైద్యం

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనే సుమారు మూడో వంతు మంది ముక్కుల్లో స్టెఫైలోకాకస్ కాపురం ఉంటుంది, వాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ ముక్కు తుడుచుకున్న చెయ్యి గోక్కున్న చర్మం మీద పడితే క్రిమికి దారి దొరుకుతుంది. ఈ ఇంట్లో అందరికీ ఒకటే తువ్వాలు. పిల్లలిద్దరూ అవ్వ పక్కలోనే పడుకుంటారు. కొబ్బరినూనె డబ్బాలో అందరూ వేళ్ళు ముంచుతారు. గజ్జి ఉన్నంతకాలం గోకుడు ఆగదు, గోకుడు ఉన్నంతకాలం గడ్డలు ఆగవు.

వరస ముఖ్యం. ముందు పుండ్లు ఆరాలి. నాలుగో రోజు రాత్రి ఆరుగురూ గజ్జి మందు పెర్మెత్రిన్ 5 శాతం క్రీము రాసుకున్నారు. పెద్దవాళ్ళకు తలా ఒక 30 గ్రాముల ట్యూబు, అక్కకు సగం, బాబుకి పావు. మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు, మర్మాంగం, పిర్రల మధ్య, ఏదీ వదలకుండా. చిన్నపిల్లలకు చెవుల వెనక, తల మీద కూడా రాయాలి, కళ్ళు, నోరు, పచ్చి గాయం వదిలేయాలి. స్నానం చేసి ఒళ్ళు చల్లబడ్డాక రాసి, 8 నుంచి 12 గంటలు ఉంచి కడగాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్ళీ రాయాలి. వారం తరవాత ఇలాగే రెండోసారి రాయాలి. వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి, ఉతకలేనివి మూటకట్టి మూడు రోజులు పక్కన పెట్టాలి. ఐవర్‌మెక్టిన్ మాత్ర 15 కిలోల్లోపు పిల్లలకు ఇవ్వం కాబట్టి బాబుకి ఆ దారి లేదు. గజ్జి పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ పెర్మెత్రిన్ పూసేవాళ్ళున్నారు, దానివల్ల చర్మం పొడిబారి దురద ఇంకా పెరుగుతుంది.

గడ్డలన్నీ మానాక క్రిమిని తరిమే పని. అందరూ 5 రోజులపాటు రోజుకి రెండుసార్లు ముక్కుల్లో ముపిరోసిన్, అగ్గిపుల్ల తలంత, రెండు రంధ్రాల్లోనూ. ముక్కు కోసమే తయారైనది తీసుకోవాలి. పుండ్లకు రాసే ఆయింట్‌మెంట్ ముక్కులో మంట పుట్టిస్తుంది, రెండో రోజే మానేస్తారు. అదే 5 రోజులు స్నానంలో 4 శాతం క్లోర్‌హెక్సిడిన్, మెడ నుంచి కిందికి రాసి రెండు నిమిషాలు ఉంచి కడగాలి. కళ్ళలో, చెవుల్లో పడకూడదు. మనిషికో తువ్వాలు, గోళ్ళు పొట్టిగా, నూనె డబ్బాలోంచి చెంచాతో తీసుకోవడం. గడ్డలు ఉండగానే ముక్కు మందు మొదలుపెడితే ఫలితం నిలవదు, చీములోంచి క్రిమి మళ్ళీ చేరుతుంది.

మామిడి పండు గురించి అవ్వకు విడిగా చెప్పాం. మామిడి కాలం, ఎండలూ చెమటలూ ముంచెత్తే కాలం ఒకటే. చెమట గ్రంథులు మూసుకుని చెమటకాయలు లేస్తాయి, వాటిలోకి క్రిమి చేరి గడ్డలవుతాయి. చెమటకాయల మీద నూనె మర్దనా చేస్తే రంధ్రాలు మరింత మూసుకుంటాయి. పండు తినొచ్చు. తొడిమ దగ్గరి సొన మాత్రం మూతి చుట్టూ చర్మాన్ని కాలుస్తుంది, కాబట్టి తొడిమ కోసి, కడిగి, తిన్నాక మూతి కడిగించాలి. గుండు విషయమూ అంతే. ఎక్కడ గీయించినా సన్నటి గాట్లు పడతాయి. ఫిబ్రవరి నుంచి ఇంట్లో ఉన్న క్రిమికి ఆ గాట్లు దారి అయ్యాయి. ఒంటి మీద గడ్డలో గజ్జో ఉంటే మానేదాకా మొక్కు వాయిదా వేసుకోవడం మంచిది. గీయించాక ఆ రోజే సబ్బుతో తల కడిగి, గాట్లు ఆరేదాకా గంధం, నూనె పూయకుండా ఉంటే చాలు.

ఎప్పుడు ఆగకుండా ఆస్పత్రికి రావాలో కాగితం మీద రాసిచ్చాం: ఎరుపు గంటగంటకూ పాకుతుంటే, పైకి కనిపించేదానికన్నా నొప్పి ఎక్కువుంటే, బిడ్డ నీరసంగా మత్తుగా ఉంటే, గడ్డ దగ్గరి కాలు కదపకపోతే లేదా కుంటితే, చర్మం కాలినట్టు పొరలుగా లేస్తుంటే, ముఖం మీద గడ్డతో పాటు కన్ను వాస్తే. మూడు నెలల్లోపు బిడ్డకైతే ఎంత చిన్న గడ్డైనా సరే.

తరవాత ఏమైంది

జూన్ ఆఖర్లో తండ్రికి చంకలో గడ్డ లేచింది. మామిడి లోడు లారీతో వెళ్తూ వస్తూ ఉండడంతో ఆయన రెండో విడత పెర్మెత్రిన్ రాసుకోలేదు, ముక్కు మందు అసలు వాడలేదు. ఇలాంటి వైద్యం విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే: ఇంట్లో ఉన్నవాళ్ళు వాడతారు, పనిమీద తిరిగే ఒక్కరు మిగిలిపోతారు. ఆయన గడ్డకు చీము తీసి, సీజను ముగిసి ఆయన ఇంటిపట్టున ఉన్న వారం చూసి ఆరుగురికీ మొత్తం మళ్ళీ చేయించాం.

జ్వరం పోయి, యాంటీబయాటిక్ అయ్యాక బాబుకి ఐరన్ సిరప్ మొదలుపెట్టాం, కిలోకి 3 మి.గ్రా. చొప్పున మూడు నెలలు. అక్టోబరులో చూసినప్పటికి హిమోగ్లోబిన్ 11.2కి వచ్చింది. ఇంట్లో ఎవరికీ కొత్త గడ్డ లేదు, అక్క చేతులు శుభ్రంగా ఉన్నాయి. తలలో గాటు పెట్టిన చోట జుట్టు మామూలుగా వచ్చింది, గీత వెతికితే తప్ప కనబడదు. సున్నం కాల్చిన చోట మాత్రం నున్నటి మచ్చ మిగిలింది. అక్కడ ఇక జుట్టు రాకపోవచ్చని తల్లికి చెప్పాం.